కల్లంలో ఒంటి తుమ్ము

మా మనవరాలి జామెట్రీ బాక్సులో దొరికిన పాచికకు ఇరవై ముఖాలున్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. దానిమ్మ గింజ రంగులో, చిన్న ఉసిరికాయంత ఉంది. అష్టాచెమ్మా గవ్వలు నాకు తెలుసు, చింతపిక్కలు తెలుసు, పచ్చీసు పాచికలూ తెలుసు. ఇరవై ముఖాల పాచిక ఎనిమిదో తరగతి పిల్ల దగ్గర ఉండటమేమిటి? మనవరాలంటే మా అమ్మాయి కూతురు హాసిని. వాళ్లు మా పక్క వీధిలోనే ఉంటారు కాబట్టి బడి వదిలాక అది నా దగ్గరకే వస్తుంది. "ఏందే ఇది?" అని అడిగితే, "ఆట అమ్మమ్మా, స్కూల్లోదే" అంది. "స్కూల్లో పాచికలా?" అన్నాను. "టీచరే ఇచ్చారు" అని చెప్పి పాచికను నా చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుంది. నేనేదో దాన్ని మింగేస్తానన్నట్టు.

బళ్లో పాచికలాడిస్తున్నారని ఆ రాత్రే నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. ఫిర్యాదు రాయడం నాకు కొత్త కాదు. తాలూకాఫీసులో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ ఊళ్లోవాళ్ల అర్జీలు చదివాను, రిటైరయ్యాక నావి రాసుకుంటున్నాను. పర్చూరు బస్టాండులో చెయ్యెత్తినా ఆగకుండా పోయిన బస్సుల నంబర్లు నా దగ్గర ఒక పాత డైరీలో ఉన్నాయి. మా పెద్దాడపడుచు కూతురి పెళ్లిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టి, అప్పడం వెయ్యకుండానే పెరుగులోకి తోసేశారు. ఆ సంగతి నేను మరిచిపోలేదు, ఆవిణ్ణీ మరిచిపోనివ్వలేదు. ఇలాంటివి మనసులో పెట్టుకుంటే రోగాలొస్తాయని మావారు అనేవారు. ఆయన ఏదీ మనసులో పెట్టుకునేవారు కాదు, అయినా షుగరు వచ్చింది. కాబట్టి ఆ వాదన నిలవదు.

ఆ శనివారం పిల్లలు బ్యాగులు లేకుండా బడికి వెళ్లే శనివారం. కాయితాలు హ్యాండుబ్యాగులో పెట్టుకుని హైస్కూలుకు వెళ్లాను. హెడ్మాస్టరుగారు లేరు. లైబ్రరీ గదిలో ఆట జరుగుతోందని ఆయా చెప్పింది. సాక్ష్యం కళ్లారా చూస్తే ఫిర్యాదు గట్టిగా ఉంటుందని నేను తలుపు పక్కన నిలబడ్డాను. లోపల రెండు బల్లలు కలిపి వేశారు. చార్టు మీద స్కెచ్చు పెన్నులతో కొండ, కోట, వంకర టింకర దారి గీసి ఉన్నాయి. చుట్టూ ఆరుగురు పిల్లలు. ఒక టీచరు, ముప్ఫై అయిదేళ్లుంటాయి, కుర్చీలో కూర్చోకుండా బల్ల చివర నిలబడి మాట్లాడుతోంది. కోటలో అంటురోగం ఉందట, మందు మూట తెచ్చినవాళ్లను కావలివాడు లోపలికి రానివ్వడం లేదట. ఒక పిల్లాడు "పొడిచేస్తా టీచర్!" అని అరిచాడు. "మందు ఇయ్యటానికొచ్చి పొడుస్తావేందిరా" అని పక్కవాడు వాడి నెత్తిన మొట్టాడు. టీచరు నవ్వి, అటు తిరిగి, "వైద్యుడుగారూ, మీరయితే ఏం చేస్తారు?" అంది.

వైద్యుడుగారు మా హాసిని. ఇంటికి చుట్టాలొస్తే ఫ్రిజ్జు వెనక్కి పోయి నిలబడే పిల్ల అది. ఫోను ఇచ్చి మాట్లాడమంటే తలూపుతుంది, అవతలివాళ్లకు కనబడుతున్నట్టు. ఆ పిల్ల గొంతు బొంగురు చేసి, నడుం కాస్త వంచి, "ఆ కావలాయన్ని కూర్చోబెట్టి, మోకాళ్లు నొప్పా నాయనా అని అడుగుతా" అంది.

"ఆయనకి నొప్పని నీకెట్టా తెలుసు?" అన్నాడు పొడిచేస్తానన్నవాడు.

"పొద్దస్తమానం నిలబడేవాళ్లకి నొప్పుండదా? కూర్చునేటప్పుడు ముందు కుడిచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి, అప్పుడు కూర్చుంటారు. నాకు తెలుసు."

పాచిక దొర్లింది. పదిహేడు పడింది, పెద్ద అంకె పడితే అన్నది జరుగుతుందట. పిల్లలు బల్ల మీద చేతులతో కొట్టి గోల చేశారు. కుడిచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చునే మోకాళ్లు నావి. నాలుగేళ్లుగా మూలుగుతున్నా ఆ పిల్ల ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదని నా లెక్క. ఆ ఫిర్యాదును అక్కడికక్కడే కొట్టేయవలసి వచ్చింది. అలా కొట్టేయడం నాకు అలవాటు లేని పని.

అంతకంటే ముందే ఇంకోటి జరిగింది. "మీరయితే ఏం చేస్తారు?" అన్న మాట ఆ టీచరు నోట వినగానే నా ముక్కు దురద పెట్టింది. ఆ గదిలో ఉన్నవి పాత పుస్తకాలు, సుద్దముక్కలు, పిల్లల తలనూనె. మిరపకాయన్నదే లేదు. అయినా నాకు ఎండుమిరప ఘాటు తగిలింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు నీళ్లు తాగడానికి బయటికి పరిగెత్తాక లోపలికి వెళ్లి, ఫిర్యాదు సంగతి పక్కనబెట్టి, "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అని అడిగాను. "రూతునండి. రాహేలమ్మగారి మనవరాలిని. మా అమ్మ కరుణ, నర్సుగా చేసి రిటైరైంది" అంది. తర్వాత నవ్వుతూ, "ఈ ఆటకి ఇంగ్లీషులో ఏదో పేరుందండి. మా ఇంట్లో మాత్రం కల్లం ఆట అంటాం" అంది.

ఆ కల్లం మాది.

మా ఊరు పర్చూరుకు నడిచి వెళ్లేంత దూరం. నల్లరేగడి. వాన పడితే చెప్పులు అడుగుకు రెండు కిలోలు తూగేవి, ఎండ కాస్తే అరచెయ్యి దూరేంత నెర్రెలు. మాకు పత్తీ మిరపా రెండూ ఉండేవి. ఒంటిపూట బడులు పెట్టేసరికి పొలంలో కల్లం నిండా కాయ పరిచి ఉండేది. దూరం నుంచి చూస్తే ఎవరో ఎర్ర చీర ఆరేసినట్టుండేది. దగ్గరకు వస్తే ముందు గొంతులో గరగర, ఆపైన తుమ్ము. కొత్తవాళ్లను తుమ్మును బట్టే గుర్తుపట్టేవాళ్లం. పాకలో నీడపట్టున ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, తాలుకాయ ఏరి ఒక పక్కకు, తొడిమ తీసి మంచికాయ ఒక పక్కకు వేసేవాళ్లు. ముక్కుకు పైట చుట్టుకునేవాళ్లు. సాయంత్రానికి వేళ్లు మండిపోయేవి. మజ్జిగలో చేతులు ముంచుకున్నా రాత్రి నిద్రలో పొరపాటున కన్ను నలుపుకుంటే ఇల్లంతా లేచేది. బడి నుంచి వచ్చిన పిల్లలందరినీ ఆ గుండ్రంలోకి తోసేవాళ్లు. ఆసామి పిల్లలూ కూలీల పిల్లలూ అని తేడా లేదు, ఎందుకంటే కాయకు తేడా తెలియదు, మబ్బు పడితే బూజు పడుతుంది. తేడా ఒక్క చోటే ఉండేది. పాక గుంజకు ఇటు ఒక నీళ్లకుండ, అటు ఒక నీళ్లకుండ. ఇటుది మాకు, అటుది ఊరికి అవతలున్న పల్లె నుంచి వచ్చేవాళ్లకు. ఎవరూ ఏమీ రాసి పెట్టలేదు. నడక వచ్చిన ప్రతి పిల్లకీ ఏ కుండ తనదో తెలుసు.

రాహేలమ్మ ఆ గుండ్రానికి పెద్ద. పొట్టిగా, గట్టిగా, చెవులకు బరువైన కమ్మలతో ఉండేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే కాబట్టి గొంతు కల్లం అవతలికి వినపడేది. పని మందగిస్తోందని తోచగానే కథ మొదలుపెట్టేది. అయితే అందరూ చెప్పినట్టు కథ చెప్పేది కాదు. సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపి, మా మొహాలు చూసి, "ఇప్పుడు నువ్వయితే ఏం చేస్తావు?" అనేది. ఎవరిని అడిగితే వాళ్లు చెప్పాలి. చెప్పిందే జరిగిపోతుంది. కానీ ముందు తుమ్ము ఒప్పుకోవాలి. అదీ కల్లం చట్టం. నువ్వు చేసే పని చెప్పాక రాహేలమ్మ పది కాయలు తొడిమ తీస్తుంది, పైకి లెక్కపెడుతూ. పదీ అయ్యేలోగా ఎవరూ తుమ్మకపోతే నువ్వన్నట్టే అవుతుంది. గుండ్రంలో ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మారో, పని చెడుతుంది. జంట తుమ్ములైతే అనుకున్నదానికంటే గొప్పగా అవుతుంది. బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము వినపడితే కూర్చుని, నీళ్లు తాగి, కాసేపాగి లేవాలని మా ఇళ్లన్నిట్లో ఉన్న శకునమే ఇది. కథలోనూ అంతే. అడుగు తీసేవేళ తుమ్మితే కూర్చోవాలి, నీళ్లు తాగాలి. కావాలని కాయ ముక్కు దగ్గర పెట్టుకోవడం నేరం. ఆ నియమం నేను పట్టుబట్టి చేర్పించిందే. అప్పటికే నా స్వభావం అలా తయారైంది.

ఇంకొక చట్టం ఉంది. కథలో 'గారు' లేదు. బయట నేను అమ్మాయిగారిని, కథలో కాను. "గారు తగిలించుకుంటా నడిస్తే కొండ ఎక్కేదెప్పుడు?" అనేది రాహేలమ్మ. ఆ ఏడు ఆవిడ ఎత్తుకున్న కథలో ఒక ఊరి బావులన్నీ ఉప్పగా మారిపోయాయి. తియ్యనీటి గుహ వెతుక్కుంటూ ఒక గుంపు బయలుదేరుతుంది. ఎవరెవరు ఏమిటో ఆవిడే పంచింది. తన కూతురు కరుణకు నాయకురాలి పని ఇచ్చింది. కరుణ నా ఈడుదే, నా తరగతే, బళ్లో చివరి వరసలో కూర్చునేది. నాకిచ్చింది మూటలు మోసే పని. గుంపంతటి తిండి మూట నా భుజాన. పేరు కూడా పెట్టింది, మూటలమ్మ అని. కల్లం మాది, కాయ మాది, పాక మాది, మూట మాత్రం నేను మొయ్యాలి! యాభై ఏళ్లు దాటింది, ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మూడు రోజులు మోసి, నాలుగో రోజు ఇంటికి వెళ్లి మా నాయనమ్మకు ఫిర్యాదు చేశాను. "కరుణ నన్ను ఏమే అంటోంది" అన్నాను. మూట సంగతి చెప్పలేదు. ఏ మాట చెబితే ఎవరికి తగులుతుందో నాకు అప్పుడే తెలుసు. మా నాయనమ్మంటే ఊళ్లో అందరికీ హడలు. తెల్లవారుజామున లేచి పేడనీళ్లు చల్లిన వాకిట్లో ఒక్క కోడి అడుగు కనపడ్డా సహించేది కాదు. ఆవిడ బొడ్లో ఎప్పుడూ ముక్కుపొడుం డబ్బా ఉండేది. నలభై ఏళ్లుగా పొడుం పీల్చి పీల్చి ఆవిడ ముక్కు రాయిలా అయిపోయింది, మిరపకాయల మధ్య కూర్చున్నా తుమ్మేది కాదు. గొడుగేసుకుని మండుటెండలో కల్లానికి వచ్చింది. వెనకాల నేను, విజయం నాదేనని.

అందరూ లేచి నిలబడ్డారు. "ఏమే రాహేలూ, పిల్లల్ని ఏమే ఒసే అనుకోమని నేర్పుతున్నావంట?" అంది నాయనమ్మ.

"కథలోనే పెద్దమ్మగారూ. కల్లం దాటితే లేదు" అంది రాహేలమ్మ. కమ్మలు ఊగుతున్నాయి గాని గొంతు ఊగలేదు.

"ఏం కథే అంత?"

"కొండ మొదట్లో కావలివాడు అడ్డం నిలబడ్డాడు పెద్దమ్మగారూ. ఎవుర్నీ పోనీడు. వీళ్లు నాలుగు రోజులుగా అక్కడే పడున్నారు. కొట్టలేరు, లంచమియ్యటానికి ఏమీ లేదు." ఆగింది. నేను ఊహించని పని చేసింది. "మీరయితే ఏం చేస్తారు?"

మా నాయనమ్మను ప్రశ్న అడిగినవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఆవిడ గొడుగు ముడిచింది. డబ్బా తీసి, చిటికెడు పొడుం పీల్చి, ఆలోచించింది. "ముందు వాడి ఇంటిపేరేందో అడుగుతా. ఏ ఊరు, ఎవురి తాలూకు, అమ్మ పుట్టిల్లేది అని అడిగితే సగంమంది అక్కడే మెత్తబడతారు. పెద్దింటివాడైతే పరువు గుర్తొస్తది. లేనివాడైతే అడిగినందుకు సంబరపడతాడు" అంది.

రాహేలమ్మ కాయలు లెక్కపెట్టింది. పది. ఎవరూ తుమ్మలేదు. కావలివాడు మెత్తబడ్డాడు, వాడి అమ్మ పుట్టిల్లు వేటపాలెం అని తేలింది. నాయనమ్మ తిరగేసిన గంప మీద కూర్చుని, "ఊ, తర్వాత?" అంది. కూర్చున్న కాసేపటికి ఆవిడ చెయ్యి తనంతట తనే కుప్పలోకి పోయి ఒక కాయ తీసి తొడిమ విరవడం నేను చూశాను. జీవితంలో మొదటిసారి అనుకుంటాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోంచేసి కల్లానికి వచ్చేది. తుమ్మదు కాబట్టి ఆవిడ చెప్పింది చెడదని ఒక నమ్మకం ఏర్పడింది. నిజానికి ఎవరైనా తుమ్మొచ్చు, చట్టం అదే. కానీ ఆవిడ చెప్పాక తుమ్మే ధైర్యం ఎవరికుంది? ముక్కులు పట్టుకుని ఎర్రబడిపోయేవాళ్లు. ఇది సమన్యాయం కాదని నేనంటే వినేవాళ్లు లేరు. నా ఫిర్యాదు నెగ్గకపోగా, ఫిర్యాదు చేయించుకున్న ఆటకు బలం వచ్చింది.

మోస్తూ మోస్తూ ఒక సంగతి నాకు బోధపడింది. నేను పైకి ఒప్పుకోలేదంతే. బళ్లో మాస్టారు ప్రశ్న అడిగితే జవాబు పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ జవాబు ఎక్కడా లేదు, నువ్వు పుట్టించాలి. పుట్టించాలంటే పక్కవాళ్లు ఏమనుకుంటున్నారో ముందు కనిపెట్టాలి. ఎవరికి ఆకలిగా ఉంది, ఎవరు పైకి ధైర్యంగా ఉండి లోపల వణుకుతున్నారు, ఎవరు తిరిగి పోదామనుకుని చెప్పలేక ఊరుకున్నారు. తిండి మూట నా దగ్గరే కాబట్టి అందరూ నా వైపు చూడాల్సి వచ్చేది, నేను అందరినీ చూడాల్సి వచ్చేది. బళ్లో నోరు మెదపని కరుణ కల్లంలో లేచి నిలబడి, "ఎడమ దారి. ఎందుకంటే అటు పిచ్చికలు పోతన్నాయి. పిచ్చికలు ఉప్పునీళ్లు తాగవు" అనేది. ఆ మాట దానికెవరూ చెప్పలేదు. నాకు ముచ్చటేసేది. ఆ సంగతి కరుణతో అనలేదు.

అసలు అవమానం తర్వాత జరిగింది. గుంపు ఉప్పు బయలు మధ్యకు చేరింది. ముందూ వెనకా తెల్లగా ఉప్పే. దారి రెండుగా చీలింది. నేను కుడిదారి అన్నాను. కరుణ నా వంక చూసి, "మూట మోసేదానివి, దారి సంగతి నీకెందుకే?" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. మా నాయనమ్మ కూడా నవ్విందని నా అనుమానం. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, మిరప ఘాటుకే అనుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. "మూటలమ్మ మూట దించేసింది. ఇక్కడే, ఉప్పులో. ఇంటికెళ్లిపోతోంది. నేనింక ఆడను. రేపట్నుంచి కల్లానికి రాను" అన్నాను.

అన్నాక గాని ఎంత పని చేశానో నాకు తెలియలేదు. అన్నమాట అన్నట్టే అవుతుంది, మార్చడానికి లేదు. మూట పోతే గుంపు ఉప్పు బయల్లో ఆకలికి చచ్చిపోతుంది, కథ అక్కడితో సరి. ఇంకోటి కూడా ఉంది, అది నిలబడ్డ ఆ కాసేపట్లోనే నాకు తట్టింది. కల్లంలో తప్ప నేనూ కరుణా పక్కపక్కన కూర్చునే చోటు ఊళ్లో ఇంకెక్కడా లేదు. రాహేలమ్మ మొహంలో నవ్వు పోయింది. అయినా చట్టం చట్టమే కాబట్టి కాయ తీసి లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. కొన్ని వందలసార్లు గలగలా లెక్కపెట్టిన మనిషి ఆ రోజు తొడిమ తొడిమకూ ఆగింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పదో కాయ చేతిలోకి తీసుకుంది.

"హాచ్!" అంది కరుణ.

ఒంటి తుమ్ము. రెండోది రాలేదు. "దొంగ తుమ్ము!" అని అరిచాను. "ముక్కు ఎర్రబడలేదు, కంట్లో నీళ్లు లేవు, హాచ్ అని అక్షరాలు పలికింది!" అన్నాను. "తుమ్ముకి సాక్ష్యాలుండవు. కూర్చోవే మూటలమ్మా. నీళ్లు తాగు" అంది రాహేలమ్మ. ఈలోపు కరుణ తన దగ్గరున్న కుండలోంచి ముంచి, చెంబు నా చేతికిచ్చేసింది. గుంజకు అటువైపు కుండ. అది ఇచ్చేదాకా చూసుకోలేదు, నేను పుచ్చుకునేదాకా చూసుకోలేదు. చెంబు పట్టుకున్నాక ఇద్దరం చూసుకున్నాం. తలతిప్పితే నాయనమ్మ నావైపే చూస్తోంది. కోపంతో ఉన్నాను కదా, ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఎత్తి గటగటా తాగేశాను. నాయనమ్మ బొడ్లోంచి డబ్బా తీసింది. మెల్లగా మూత తిప్పింది. పొడుం పీలుస్తూ పొలం వైపు తిరిగి, "మబ్బు పడతన్నట్టుంది, చేతులు కదలనీండే" అంది. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు.

నీళ్లు తాగి కూర్చున్నాక మళ్లీ లేవడానికి నాకు మనసు రాలేదు. మూట ఎత్తుకున్నాను. మర్నాడూ వచ్చాను. కాయ గోతాలకెత్తే రోజుకు గుంపు గుహ దగ్గరికి చేరింది. రాతి తలుపు నాయకురాలికి తెరుచుకోలేదు, ఎవరికీ తెరుచుకోలేదు. మూట మోసి మోసి భుజం కాయ కాసిన మనిషి ఎవరుంటే ఆ మనిషి ఆనుకుంటేనే అది కదులుతుందట. రాహేలమ్మ ఆ తలుపును మొదటిరోజే అనుకుని నాకు మూట ఇచ్చిందా, లేక నేను వెళ్లిపోబోయానని అప్పటికప్పుడు పెట్టిందా, అడగాలని ఎప్పుడూ తోచలేదు. నేను భుజం ఆనించాను. పది కాయలూ అయ్యేదాకా అందరూ ముక్కులు మూసుకున్నారు, నాయనమ్మతో సహా. తలుపు కదిలింది. ఆ సంతోషం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కానీ ఆ తుమ్ము దొంగ తుమ్మేనన్న కేసు మాత్రం నేను మూసెయ్యలేదు. తర్వాత మమ్మల్ని పై చదువులకు పంపారు, నేను గుంటూరు, కరుణ నర్సు ట్రైనింగుకు. ఉద్యోగమంతా అది సింగరాయకొండ వైపు చేసిందని విన్నాను. నేనెళ్లి పలకరించలేదు. దొంగ తుమ్ము తుమ్మింది అది, ముందు రావలసింది అదే.

ఇదంతా లైబ్రరీ గదిలో స్టూలు మీద కూర్చుని రూతుకు చెప్పాను. "అమ్మ ఇంట్లోనే ఉందండి, రెండు వీధులవతల" అంది. రెండేళ్లుగా అక్కడే ఉందట. ఎవరూ నాకు చెప్పలేదు, అది ఇంకో ఫిర్యాదు. రూతు సాయంత్రం స్కూటీ మీద తీసుకెళ్లింది. అంతకుముందే నాలుగు పేజీల్లో మూడు చింపేశాను. నాలుగోదాంట్లో ఉన్నది కొట్టేసి, లైబ్రరీలో ఫ్యాను తిరగడం లేదని వెనకవైపు రాసి, హెడ్మాస్టరుగారి బల్ల మీద పెట్టి వచ్చాను. అది న్యాయమైన ఫిర్యాదు.

కరుణ లావయింది. వాళ్లమ్మ కమ్మలే పెట్టుకుంది. గుమ్మంలో నన్ను చూసి కళ్లజోడు సవరించుకుని, "ఏమే మూటలమ్మా, ఇన్నాళ్లకా!" అంది. గారు లేదు. నాకు కోపం రాలేదు. టీ తాగాం. పిల్లల ఆట సంగతి వచ్చింది. పాకలో చేసిన పనే ఇప్పుడు బల్ల మీద చార్టు పరిచి చేస్తున్నారు. మాకప్పుడు చేతులు మండుతుండేవి, వీళ్లకు మండవు, అంతవరకు మేలే. ఆ బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ ఒకే మంచినీళ్ల క్యాను దగ్గరికి పరిగెత్తారు. అందులో చెప్పుకోవలసిందేమీ లేనట్టు పరిగెత్తారు, అది ఇంకా మేలు. పాచిక కూడా తుమ్ముకంటే నయమన్నాను. "పాచిక దొంగ తుమ్ము తుమ్మలేదు" అని కరుణ మొహంలోకి చూశాను.

అది టీ గ్లాసు కింద పెట్టింది. "ఇంకా పట్టుకుని కూర్చున్నావా దాన్ని!" అని విరగబడి నవ్వింది. "దొంగ తుమ్మేనే. కాదన్నానా? నువ్వు పోతే కథ పోద్ది. కథ పోతే మళ్లీ నీతో మాట్లాడేదెక్కడ? లోపల్నించి తుమ్ము రమ్మంటే రాదే. పదో కాయ తీసింది మా అమ్మ. నోటికొచ్చినట్టు హాచ్ అన్నా."

యాభై ఏళ్ల కేసు, ఒప్పుకోలుతో సహా నా చేతికొచ్చింది. గెలిచాను. గెలిచాక ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. "మరి ఆ మాటెందుకన్నావే? మూట మోసేదానివి, దారి సంగతి నీకెందుకు అని" అన్నాను.

"అది నీ మాటేగా. ముందు రోజు బళ్లో, భారతదేశం పటం చూపించవే అనడిగితే నువ్వు నన్నన్నావు. గంప మోసేదానివి, పటమెందుకే నీకని."

నాకు అలాంటిదేదీ గుర్తులేదు. బస్సు నంబర్లు గుర్తున్నాయి, అప్పడం గుర్తుంది, ఇది లేదు. గుర్తులేదని కరుణకు చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. అయితే కరుణ అబద్ధం ఆడుతోందని మాత్రం రాయలేను.

చీకటి పడుతోంది, హాసిని ఎదురుచూస్తుంటుందని లేచాను. కుడిచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి. గుమ్మం దాకా వెళ్లి చెప్పుల్లో కాలు పెట్టాను.

"హాచ్!" అంది వెనకాల నుంచి.

ముక్కు ఎర్రబడలేదు. కంట్లో నీళ్లు లేవు. అక్షరాలు అక్షరాలుగా పలికింది. ఇంకోటి వస్తుందేమోనని ఆగి చూశాను, రాలేదు.

చెప్పులు విప్పి, లోపలికొచ్చి, కూర్చుని, నీళ్లు అడిగాను.